మనం ఏం వెతుకుతున్నామో సర్వర్‌కి తెలియాలా? హైదరాబాద్ స్టూడియో చర్చ

యాంకర్: పేరు చెప్పకుండా ఒక మందుల యాప్‌లో వెతికితే, వెతికింది ఎవరో తెలిసే ప్రమాదం ఉంటుందా సార్?

ఇంజనీర్: ఉంటుందండీ. 2006లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ సంస్థ దాదాపు 6.5 లక్షల మంది వెతికిన మాటల్ని, పేర్లు తీసేసి నంబర్లు పెట్టి బయటికి వదిలింది. 4417749 అనే నంబరు ఎవరిదో న్యూయార్క్ టైమ్స్ విలేకరులు కొద్ది రోజుల్లోనే కనిపెట్టేశారు, ఆవిడ వెతికిన ఊరు, ఇంటిపేరు, జబ్బులు చాలు కదా! అందుకే నేను అనేది, మనం అడిగిన ప్రశ్నే సర్వర్‌కి అర్థం కాకూడదు.

యాంకర్: ప్రశ్న అర్థం కాకుండా జవాబు ఎలా ఇస్తుంది?

ఇంజనీర్: 1995లోనే చోర్, గోల్డ్‌రైక్, కుషిలెవిట్జ్, మధు సూదన్ అనే నలుగురు కంప్యూటర్ శాస్త్రవేత్తలు దారి చూపించారు. ఒకే మందుల పట్టిక రెండు సర్వర్లలో ఉందనుకోండి. నా ఫోన్ ఒక్కో మందుకీ బొమ్మా బొరుసూ వేసి, బొమ్మ పడ్డ మందులతోనే ఒక జాబితా తయారుచేసి మొదటి సర్వర్‌కి పంపుతుంది. రెండోదానికీ అదే జాబితా, కాకపోతే నాకు కావాల్సిన మందు అందులో ఉంటే తీసేసి, లేకపోతే చేర్చి పంపుతుంది. రెండు సర్వర్లూ తమకొచ్చిన జాబితాలోని వివరాలన్నిటినీ ఎక్స్ఓఆర్ చేసి, అంటే ఒకే వివరం రెండుసార్లు వస్తే కొట్టేసుకుపోయేలా కలిపి, ఒక్క జవాబు ఇస్తాయి. ఆ రెండు జవాబుల్నీ నా ఫోన్ మళ్లీ ఎక్స్ఓఆర్ చేస్తే మిగతావన్నీ కొట్టేసుకుపోయి నాకు కావాల్సింది ఒక్కటే మిగులుతుంది. ఏ సర్వర్‌కీ విడిగా చూస్తే ఏమీ తెలియదు.

లాయర్: ఆ రెండూ కలిసి మాట్లాడుకుంటే?

ఇంజనీర్: అంతా పోయినట్టే మేడం, జాబితాలు పక్కపక్కన పెడితే తేడా ఉన్న మందు నాదే.

లాయర్: మరి ఒకే కంపెనీ గచ్చిబౌలిలో ఒక సర్వర్, ముంబైలో ఇంకోటి పెట్టి 'మీ గోప్యత భద్రం' అంటే ఒప్పుకోకూడదు. యజమానులు వేరై ఉండాలి, అది ఒప్పందంలో రాసి ఉండాలి. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు, 2023లో డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. కానీ చట్టం చేసే పని ఎక్కువగా డేటా చేతికొచ్చాక ఎలా వాడాలో చెప్పడమే, అసలు చేతికి రాకుండా చేస్తే అంతకన్నా మేలు.

యాంకర్: ఒక్క సర్వరే ఉంటే?

ఇంజనీర్: 1997లో కుషిలెవిట్జ్, ఓస్ట్రోవ్‌స్కీ దానికీ పద్ధతి చెప్పారు, అక్కడ ప్రశ్నే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే సర్వర్ చదవలేని రహస్య రూపంలో వెళ్తుంది. 2024లో యాపిల్ ఐఓఎస్ 18లో, ఫోన్ చేసేది ఎవరో చూపించే సదుపాయానికి ఈ తరహా పద్ధతే వాడింది. లెక్కల భారం మాత్రం బాగా పెరుగుతుంది, ఎందుకంటే సర్వర్ పట్టికలోని ప్రతి వరుసనీ తాకాలి. ఒక్కటి వదిలేసినా 'ఇది వీళ్లకి అక్కర్లేదు' అని దానికి తెలిసిపోతుంది. ఇంకో మాట, లాగిన్, ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మన ఫోన్ చిరునామా) దీంతో దాగవు, ఎవరో వచ్చి వెతికారన్న సంగతి కనిపిస్తూనే ఉంటుంది.

యాంకర్: ఇంత ఖర్చు ఎవరు పెడతారు సార్?

ఇంజనీర్: అన్నిటికీ అక్కర్లేదండీ. బస్సు టైమింగులకి వద్దు. హెచ్ఐవీ మందులు, మానసిక వైద్యం, గర్భానికి సంబంధించిన వివరాలు, వీటికి పెట్టి తీరాలి.

లాయర్: ప్రభుత్వ ఆరోగ్య యాప్‌ల టెండర్లలో ఈ షరతు ఇప్పుడే చేర్చాలి, రెండో సర్వర్ ఎవరి చేతిలో ఉంటుందో పేరుతో సహా.