మంచు తక్కువైన చలికాలంలో పిల్లల స్కీ శిక్షణ

[తెర మీద: ఎండిన గడ్డి మధ్య సన్నటి తెల్లని బాట. దాని మీద ఒకరి వెనుక ఒకరు స్కీయర్లు.]

ఈ తెల్లటి చార చూడండి. అటు గడ్డి, ఇటు గడ్డి, మధ్యలో మాత్రం మంచు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో బిర్కెబైనర్ రేసు ఇలాంటి బాట మీదే జరిగింది. మామూలుగా అడవిలో సుమారు 50 కిలోమీటర్లు సాగే క్రాస్‌కంట్రీ స్కీ రేసు అది, అంటే కొండ దిగడం ఒక్కటే కాదు, చదును మీదా ఎత్తుల మీదా కాళ్లతో తన్నుకుంటూ సాగే స్కీయింగ్. నేను ఇక్కడ మాట్లాడేది దాని గురించే. ఆ ఏడాది యంత్రాలు కురిపించిన మంచుతో వేసిన 10 కిలోమీటర్ల లూప్‌కి కుదించాల్సి వచ్చింది. 2017లోనైతే రేసే రద్దయింది.

పెద్దవాళ్లకి ఒక రేసు పోతే వచ్చే ఏడాది చూసుకుంటారు. కానీ 12 ఏళ్ల పిల్లకి చలికాలం మొత్తం చేజారిపోతే ఏం పోతుంది?

[తెర మీద: చెట్ల మధ్య మట్టిబాటలో పరుగెడుతున్న పిల్లలు.]

చాలామంది తల్లిదండ్రులు ముందు దమ్ము గురించి దిగులు పడతారు. ఆ దిగులు అక్కర్లేదు. పరుగు, సైకిల్, ఈత, కొండెక్కడం, వీటిలో ఏదైనా దమ్ము పెంచుతుంది. ప్రపంచస్థాయి స్కీయర్లు ఏడాదికి 800 గంటలకు పైగా సాధన చేస్తే, అందులో పెద్ద వాటా మంచు లేని నెలల్లోనే గడుస్తుంది. పిల్లలు నిజంగా పోగొట్టుకునేది వేరే ఉంది. ఒంటికాలి మీద నిలబడి జారే ఆ స్పర్శ.

[తెర మీద: స్కీని పక్కనుంచి దగ్గరగా. నడుమ భాగం నేలకి తగలకుండా విల్లులా వంగి ఉంది.]

రెండు స్కీలూ సమాంతరంగా ఉంచి, నడిచినట్టు ఒక్కో కాలితో తన్నుకుంటూ సాగే పద్ధతిని క్లాసిక్ అంటారు. క్లాసిక్ స్కీ నడుమ కాస్త పైకి వంగి ఉంటుంది. రెండు కాళ్ల మీదా బరువు పంచుకుని జారుతున్నప్పుడు ఆ నడుమ మంచుకి పెద్దగా ఆనదు. ఒంటికాలి మీద బరువంతా వేసి నొక్కితే చదునవుతుంది. అక్కడ రాసిన మైనం మంచుని పట్టుకుంటుంది. ఆ పట్టుతోనే ముందుకు తన్నుకుంటాం. బరువు సగమే వేసినా, క్షణం ఆలస్యంగా నొక్కినా కాలు వెనక్కి జారుతుంది. మంచు ఆ తప్పుని అక్కడికక్కడే చెబుతుంది.

ఇప్పుడు రోలర్ స్కీ చూడండి. మంచు లేనప్పుడు తారు బాట మీద సాధన చేయడానికి చక్రాలు బిగించిన పొట్టి స్కీ ఇది.

[తెర మీద: రోలర్ స్కీ చక్రాన్ని చేత్తో ముందుకి తిప్పితే తిరుగుతుంది, వెనక్కి తిప్పితే ఆగిపోతుంది.]

క్లాసిక్ రోలర్ స్కీలో ఒక చక్రం వెనక్కి తిరగదు. అందుకే ఎలా నొక్కినా పట్టు దొరుకుతుంది. పిల్లలు వేసవంతా హాయిగా తిరుగుతారు, బలం పెరుగుతుంది. తీరా మంచు మీద అడుగుపెట్టాక కాళ్లు జారిపోతాయి. బలం తగ్గి కాదు, బరువు పూర్తిగా మార్చే అలవాటు తప్పి. రోలర్ స్కీలు వద్దని నేను అనడం లేదు. అవి దేన్ని నేర్పవో తెలుసుకుని వాడాలి.

అందుకే నా మాట ఇది: రోలర్ స్కీల మీద గడిపే సమయంలో కొంతైనా పోల్స్, అంటే చేతుల్లో పట్టుకుని తోసే కర్రలు, పక్కన పెట్టించండి. చేతులు వెనక్కి కట్టుకుని స్కేటింగ్ చేయమనండి, అంటే ఒక్కో స్కీని పక్కకి తోస్తూ జారే పద్ధతి. ఒక్కో కాలి మీద ఎంతసేపు జారగలరో వాళ్లనే లెక్కపెట్టుకోనివ్వండి. పోల్స్ లేకపోతే దొంగ బరువు మార్పుకి తావుండదు.

ఇక్కడ భద్రత గురించి గట్టిగా చెప్పాలి. చాలా రోలర్ స్కీలకి బ్రేకు ఉండదు. హెల్మెట్ తప్పనిసరి. వాహనాలు రాని నున్నటి బాట కావాలి. దిగుడు చివర నేల మళ్లీ ఎత్తుకి ఎక్కే చోటైతే వేగం దానంతటదే తగ్గుతుంది. తారు మీద పోల్ గుచ్చిన ప్రతిసారీ ఆ దెబ్బ మణికట్టుకి, మోచేతికి తగులుతుంది కాబట్టి మొనలు పదునుగా ఉంచాలి, రెండు పోల్స్‌తో ఒకేసారి తోసే సాధన మితంగా ఉండాలి.

[తెర మీద: నిటారు గడ్డి వాలు. పోల్స్ పట్టుకుని పెద్ద పెద్ద అంగలతో ఎగురుతూ ఎక్కుతున్న పిల్లలు.]

స్కీలు, చక్రాలు ఏవీ లేకుండా చేసేది కూడా ఉంది. వాలు మీద పోల్స్‌తో అంగలు వేస్తూ ఎక్కడం. నార్వేవాళ్లు దీన్ని ఎల్గ్‌హుఫ్స్ అంటారు, ఎల్గ్ అంటే అక్కడి అడవుల్లో తిరిగే పెద్ద దుప్పి. క్లాసిక్ తన్నుకి ఇంతకంటే దగ్గరి అనుకరణ నాకు కనిపించలేదు. ఒక్క జాగ్రత్త: ఒక్కసారిగా పొడుగవుతున్న వయసులో మోకాళ్లు, మడమలు నొప్పెడతాయి. అప్పుడు ఎగరడం మానిపించి నడిపించండి.

[తెర మీద: రంపపుపొట్టు కప్పిన పెద్ద మంచు గుట్ట.]

ఇక మంచు దాచుకోవడం. స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో చలికాలపు మంచుని రంపపుపొట్టు కింద కప్పి వేసవి దాటిస్తారు, శరదృతువులో దాన్నే పరిచి బాట వేస్తారు. ఫిన్లాండ్‌లోని వుఓకట్టిలో 1997 నుంచి స్కీ సొరంగం ఉంది, లోపల చల్లబరిచి మంచు నిలిపి ఉంచే బాట అది. మంచు యంత్రాల సంగతికొస్తే, చలి ఒక్కటే చాలదు, గాలి పొడిగా ఉండాలి. తుంపరలో కొంత ఆవిరైతే మిగతాది చల్లబడుతుంది, మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టు. గాలిలో తేమ నిండి ఉంటే సున్నా డిగ్రీల దగ్గర కూడా యంత్రం ఊరికే ఆగిపోవాల్సిందే.

ఇంత కష్టపడి తెచ్చుకున్న మంచు మీద పిల్లల చేత ఏం చేయిస్తున్నాం? చాలాచోట్ల చుట్లు తిప్పిస్తారు. నాకు ఎంతో బాధ కలిగించేది ఇదే. 800 మీటర్ల లూప్‌లో 25 చుట్లు తిరిగే దమ్ము పరుగుతో కూడా వస్తుంది. మంచు మాత్రమే నేర్పేది మంచు మీదే నేర్పాలి.

[తెర మీద: లూప్ పక్కన చిన్న ఆట మైదానం. కోన్ల మధ్య మలుపులు తీసుకుంటున్న పిల్లలు, ఒంటి స్కీ మీద గెంటుకుంటూ పోతున్న పిల్లలు.]

గంట సమయం ఉంటే ఇలా చేసి చూడండి. మొదటి 10 నిమిషాలు పోల్స్ లేకుండా. తర్వాత ఒక స్కీ విప్పించి, రెండోదాని మీద స్కూటర్ తొక్కినట్టు తన్నుకుంటూ పోనివ్వండి, ఆపై కాలు మార్పించండి. బరువు పూర్తిగా ఒక కాలి మీదకి రాకపోతే పడిపోతారు, కోచ్ చెప్పనక్కర్లేదు. ఆపైన అరగంట పోల్స్ లేకుండా పట్టుకునే ఆట. మలుపులు, ఆగడం, వెనక్కి తిరగడం అన్నీ అందులోనే వస్తాయి. యంత్రపు మంచు గట్టిగా ఉంటుంది, పడితే దెబ్బ ఎక్కువ, అందుకని ఆట చదునైన చోటే పెట్టండి. అందరూ ఒకే దిశలో తిరగాలన్న నియమం లూప్ మీద ముందే చెప్పండి.

చివరి 15 నిమిషాలకి పోల్స్ ఇవ్వండి. ఒక్క చిన్న ఎత్తు ఎంచుకుని, దాన్ని నాలుగైదుసార్లు క్లాసిక్‌లో ఎక్కించండి. కాలు జారిన ప్రతిసారీ ఆపి, "బరువు ఏ కాలి మీద ఉంది?" అని అడగండి. జవాబు వాళ్లే చెప్పేదాకా ఆగండి.

[తెర మీద: ఎత్తు మధ్యలో ఆగిన ఒక అమ్మాయి కిందకి, తన కాళ్ల వైపు చూసుకుంటుంది. మళ్లీ మొదలుపెడుతుంది.]