వంద శాతం రిజల్ట్... ఎవరిలో?

[తెర మీద: శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్, గోడ మీద అడ్మిషన్ల బోర్డులు]

అడ్మిషన్ల రోజులొచ్చాయి. "నర్సింగ్‌లో 100% రిజల్ట్" అన్న బోర్డు చూసి అమ్మాయిని చేర్చేముందు ఒక్క మాట అడగండి: ఆ వంద శాతం ఎవరిలో?

[తెర మీద: 40 బొమ్మలు. పది మసకబారతాయి]

ఊహకి ఒక లెక్క వేద్దాం. మొదటి ఏడాది 40 మంది చేరారు. పది మంది మధ్యలో మానేశారు. చివరి పరీక్ష 30 మంది రాస్తే 27 మంది పాసయ్యారు. రాసినవాళ్లలో అది 90 శాతం. చేరినవాళ్లలో 67.5 శాతమే. ఫీజు కట్టే ఇంటికి కావాల్సింది ఈ రెండో అంకె.

ఇలాంటి 40 మంది చిన్న బ్యాచ్‌లో ఒక్కరు మానేసినా రెండున్నర శాతం పడిపోతుంది. అందుకని ఒక్క ఏడాదే చూడకండి, మూడు నాలుగు బ్యాచ్‌ల లెక్క అడగండి.

[తెర మీద: మసకబారిన ఆ పది బొమ్మలు దగ్గరగా]

ఆ పది మంది ఎవరు? ఈ వీడియో చేసింది వాళ్ల కోసమే.

సీతంపేట కొండల నుంచి వచ్చిన సవర గిరిజన అమ్మాయిని తీసుకోండి. ఇంట్లో సవర భాష, బడిలో తెలుగు. కాలేజీకొచ్చేసరికి అనాటమీ ఇంగ్లీషులో. ఎముకల పేర్లు మూడో భాషలో నేర్చుకోవాలి. తీరంలోని ఇంకో అమ్మాయికి నాన్న చేపల వేటకి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లాడు. అమ్మకి జ్వరమొస్తే చూసుకోడానికి ఈ పిల్లే ఊరెళ్లాలి.

వెళ్లొస్తే ఏమవుతుంది? బీఎస్సీ నర్సింగ్‌లో థియరీకి 80 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు. వార్డు డ్యూటీలు వంద శాతం పూర్తయ్యాకే డిగ్రీ. వార్డులో నేర్చుకోకుండా రోగి పక్కన నిలబడకూడదు కదా, ఆ నిబంధన న్యాయమే. కానీ పోయిన రోజులు పూడ్చుకునేలోపు ఇంట్లో పెళ్లి సంబంధం మాట మొదలవుతుంది. తర్వాత అందరూ "దానికి చదువు అబ్బలేదు" అనేస్తారు. ఆ మాట వింటే నాకు కడుపు రగిలిపోతుంది.

[తెర మీద: ఖాళీ పట్టిక]

కాబట్టి కాలేజీకి వెళ్లినప్పుడు మొత్తం శాతంతో ఆగకండి. తెలుగు మీడియం పిల్లలు ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు? గిరిజన పిల్లలు? అబ్బాయిలు? బీఎస్సీ నాలుగేళ్ల కోర్సు, పూర్తి చేయడానికి ఎనిమిదేళ్ల దాకా గడువుంది. నాలుగేళ్లకే బయటికొచ్చింది ఎంతమంది?

ఆఖరుగా ఇంకొకటి అడగండి. మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లీషు అర్థంకాక టెన్షన్ పడే పిల్ల పక్కన, సాయంత్రం హాస్టల్లో కూర్చుని పాఠం చెప్పేది ఎవరు?