కన్నడ రానంత మాత్రాన ఒకటో తరగతా?

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లం మనం ఉగాదికీ సంక్రాంతికీ కలుస్తూనే ఉంటాం. ఇవాళ పండగ మాట కాదు, బడి మాట.

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లు లేస్తున్న చోటల్లా పక్కనే రేకుల షెడ్లుంటాయి. మన పాలమూరు, అనంతపురం కుటుంబాలు, రాయచూరు వాళ్లు, బీహారు, ఒడిశా వాళ్లూ అక్కడే ఉంటారు. వాళ్ల పిల్లలంతా సర్కారు బడిలో ఒకే గదిలో కూర్చుంటారు.

ఊళ్లో మూడో తరగతి చదివిన పిల్లని కన్నడ అక్షరాలు రావని ఇక్కడ ఒకటిలో వేస్తున్నారు. అదే పిల్లని తెలుగులో అడగండి: "నలభై రూపాయల సరుకు కొని వంద ఇస్తే చిల్లరెంత రావాలమ్మా?" టక్కున అరవై అంటుంది. కన్నడలో అడిగితే తల దించుకుంటుంది. ఆమెకు రానిది కన్నడే, లెక్క కాదు.

2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బడి మానేసిన పిల్లల్ని కూడా వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదని ఐదో సెక్షన్, వయసు కాగితం లేదని వెనక్కి పంపకూడదని పద్నాలుగో సెక్షన్ చెబుతున్నాయి. షెడ్లలో ఈ ముక్క చెప్పే నాథుడే లేడు.

తరగతిలో ఏం చేయాలో కర్ణాటకకు తెలియనిదేం కాదు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో మొదలైన నలి-కలి అనే బోధనా పద్ధతి ఉంది, అంటే ఆడుతూ పాడుతూ నేర్చుకోవడం. దానికి దారి చూపింది మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పల్లె బడులే. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెన మెట్లలా పేరుస్తారు, ఎవరి మెట్టు వాళ్లది. కొందరు టీచర్ దగ్గర, కొందరు తోటి పిల్లల సాయంతో, కొందరు సొంతంగా నేర్చుకుంటారు. కొత్తగా వచ్చిన పిల్లకి ఆ తోటి పిల్లలే కొండంత అండ. రెండు భాషలూ వచ్చిన రాయచూరు పిల్లని పక్కన కూర్చోబెడితే సగం టెన్షన్ పోతుంది. అలాగని రోజంతా ఆ పిల్లని దుబాసీ చేయకండి, తనకీ చదువుంది కదా!

ఇంకో మాట. కన్నడ లిపి మనకు దగ్గరి చుట్టం, తలకట్టు తేడా పట్టుకుంటే తెలుగు చదవగలిగిన పిల్ల త్వరగానే అందుకుంటుంది. ఒడియా పిల్లవాడికి ఆ వెసులుబాటు లేదు. ఇద్దరికీ ఒకే గడువు పెడితే వాడికి అన్యాయమే.

మనం చేయగలిగింది చిన్న పనే. అడ్మిషన్లప్పుడు ఒక పూట బడికెళ్లి, పిల్లని తెలుగులో చదివించి, నాలుగు లెక్కలు చేయించి, ఏ తరగతికి తగునో హెడ్మాస్టరుగారికి కన్నడలో చెప్పి రావాలి. జూన్‌లో ఒక్కసారి వెళ్తే సరిపోదు. పంటలయ్యాక వచ్చే కుటుంబాలు చాలా ఉంటాయి, సంక్రాంతి తర్వాత కూడా వెళ్లాలి. రాగలిగినవాళ్లు మన సంఘం సెక్రటరీగారి దగ్గర పేరు, ఏ ఏరియాకి వెళ్లగలరో రాయించండి.