గర్భసంచి తీయించుకున్నాక ఈస్ట్రోజెన్ జెల్: ఎవరికి, ఎలా?

నమస్కారం. ముందుగా ఆపరేషన్ అప్పుడు ఆస్పత్రిలో ఇచ్చిన డిశ్చార్జి కాగితం తీసి పక్కన పెట్టుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. అయినా ‘అండాశయాలు ఉంచారా, తీశారా?’ అని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. మందు కావాలా వద్దా అన్నది తేలేది అక్కడే.

కాగితంలో టీఏహెచ్ అని మాత్రమే ఉంటే గర్భసంచి తీశారని అర్థం. పక్కన బీఎస్‌ఓ అని కూడా ఉంటే రెండు అండాశయాలూ తీసేశారు. ఇక అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు, నిద్ర పట్టకపోవడం పైకి తెలుస్తాయి. ఎముకలు గుల్లబారడం మాత్రం తెలియదు. 45 ఏళ్లలోపే ఇలా జరిగితే, వాడకూడని కారణం లేనంతవరకు, సుమారు 50 ఏళ్లు వచ్చేదాకా డాక్టర్లు ఈస్ట్రోజెన్ ఇస్తారు. హార్మోన్లంటే అందరినీ హడలెత్తించిన 2002 నాటి అమెరికా అధ్యయనంలో పాల్గొన్నవారి సగటు వయసు 63. ఆ భయాన్ని 38 ఏళ్ల అమ్మాయికి అంటగట్టడం సరికాదు.

గర్భసంచి లేనివారికి సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే సరిపోతుంది. ఉన్నవారు ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ తోడు లేకుండా వాడితే లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయవచ్చు. కాబట్టి వదినగారికి పనిచేసిందని అదే ట్యూబు కొనేయకండి. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం, పక్షవాతం, గుండెపోటు, కాలేయ జబ్బు ఎప్పుడైనా ఉంటే ముందే చెప్పండి.

ఇప్పుడు జెల్ చూడండి. ట్యూబుతో వచ్చిన కొలతకే పిండాలి, వేలితో అంచనా వేయకూడదు. స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా తుడుచుకున్నాక, భుజం నుంచి మోచేతి దాకా ఇలా పలుచగా పూయండి. రుద్ది ఇంకించాల్సిన పని లేదు. రొమ్ములకు మాత్రం రాయకండి. ఆరాకే జాకెట్టు వేసుకోండి. వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోండి. పసిపిల్లలను ఎత్తుకునేటప్పుడు రాసిన చోటు తగలనీయకండి, మందు వాళ్ల ఒంటికీ అంటుతుంది.

పిక్క ఒక్కటే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అత్యవసర విభాగానికి వెళ్లండి. రక్తస్రావం కనిపించినా, రొమ్ములో గడ్డ తగిలినా మీ గైనకాలజిస్టును కలవండి. ఏమీ లేకపోయినా మొదలుపెట్టిన మూడు నెలలయ్యాక ఒకసారి చూపించుకోండి. ఆవిర్లు తగ్గలేదని మీరే మోతాదు పెంచకండి. జెల్ సరిగా ఇంకనివారికి డాక్టరు చర్మానికి అంటించుకునే ప్యాచ్ రాస్తారు.