గొట్టం మాత్రం ఉక్కుదే

మిత్రులారా, టైటానియం అంటే అందరికీ ఒక మోజు. విమానాల్లో వాడతారు, ఎముకల ఆపరేషన్లలో వాడతారు. మరి ఒక్క దెబ్బకి బోలెడు చిన్న గుళ్లు చిమ్మే తుపాకీ, అదే షాట్‌గన్, దాని గొట్టానికి ఎందుకు వాడరు? బలం చాలక అనుకుంటారు చాలామంది. అది కాదు.

రైఫిల్ తూటా పేలితే గొట్టంలో పీడనం మామూలు గాలి పీడనానికి 4,000 రెట్ల దాకా పోతుంది. 12 బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) షాట్‌గన్‌లో అది 800 రెట్ల దగ్గరే ఆగుతుంది. టైటానియం మిశ్రమలోహానికి ఇదొక లెక్క కాదు. అల్యూమినియం కూడా తట్టుకుంది. 1960ల మధ్యలో ఆర్మలైట్ కంపెనీ ఏఆర్-17 అని రెండు తూటాల తుపాకీ తెచ్చింది. గొట్టం అల్యూమినియం, రంగు బంగారం, బరువు రెండున్నర కిలోలు. ముచ్చటగా ఉండేది గానీ నాలుగు కాలాలు నిలవలేదు.

చిక్కెక్కడంటే, పీడనం తక్కువ కాబట్టి ఉక్కు గొట్టాన్నే ఇప్పటికే బాగా పల్చగా చేస్తున్నారు. మూతివైపు గోడ చాలా తుపాకుల్లో మిల్లీమీటరు లోపే! ఇక తగ్గించడానికి మిగిలిందెంత? ఘనపు సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు, టైటానియం 4.5. లెక్కలో లాభమే. కానీ అదే మందంలో టైటానియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వంగుతుంది. పైగా రాపిడికి పట్టేసి గీరుకుపోతుంది. జంట గొట్టాలను కలిపి అతకడం ఇంకో తలనొప్పి: దాని మీదుండే ఆక్సైడు పొర టంకాన్ని అంటనివ్వదు, బాగా వేడిచేస్తే గాల్లోని ఆక్సిజన్ పీల్చుకుని పెళుసెక్కుతుంది.

నాకు నచ్చిన ప్రయత్నం విన్‌చెస్టర్ కంపెనీ షాట్‌గన్, మోడల్ 59. పల్చటి ఉక్కు గొట్టం చుట్టూ సుమారు 800 కిలోమీటర్ల గాజు దారం చుట్టారు. లోపల రాపిడి ఉక్కుకి, బయట బలం గాజుకి. అదీ 1965తో ఆగిపోయింది.

ఇంత కష్టపడి బరువు తగ్గించాక వచ్చేదేమిటి? తుపాకీ 3.5 కిలోల నుంచి 2.5కి దిగితే, అదే తూటాకి అది వెనక్కి తన్నే శక్తి 40 శాతం పెరుగుతుంది. రోజంతా మోసేవాడికి సుఖమే, వంద తూటాలు కాల్చేవాడి భుజాన్ని అడగండి! అంతకన్నా ముఖ్యం, ఎగిరే గురి వెంట తుపాకీ తిప్పుతున్నప్పుడు ముందువైపు కాస్త బరువుంటేనే ఆ ఊపు సాఫీగా సాగుతుంది. గొట్టం మరీ తేలికైతే చెయ్యి ఉరుకుతుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది, గుళ్లు వెనకబడతాయి.

బెరెట్టా కంపెనీ వాళ్ల తేలికపాటి షాట్‌గన్ అల్ట్రాలైట్ చూడండి. తూటా వెనక ఉండే పెట్టెను అల్యూమినియంతో చేసి, పేలుడు దెబ్బ తగిలేచోట టైటానియం పలక బిగించారు. గొట్టాల జోలికి పోలేదు, వాటిని ఉక్కుతోనే ఉంచారు.