పేదగా పోవడం ఎవరి తప్పు?

(ఆగస్టు 10న ఒడిశాలోని బరంపురంలో మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి జయంతి, విద్యార్థుల ప్రతిభా పురస్కారాల సభలో ఒక రిటైర్డు లెక్కల మాస్టారు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే నలుగురు చదివారు, నేను మళ్ళీ చదవను. కార్యదర్శి గారు నాకు పావుగంట టైము ఇచ్చారు. "గిరి గారి జీవితం, నేటి విద్యార్థులకు సందేశం" అని కార్డులో వేశారు. ఆ విషయానికి వస్తాను. దానికంటే ముందు ఒక మాట అనకపోతే నాకు ఇవాళ అన్నం సయించదు.

ఇందాక మాట్లాడిన తమ్ముడు చాలా ఉత్సాహంగా మాట్లాడాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అందులో ఒక మాట ఉంది: "పేదగా పుట్టడం నీ తప్పు కాదు, పేదగా చచ్చిపోతే మాత్రం నీ తప్పే." ఫోన్లలో రోజూ తిరిగే మాటే. అతను మంచి మనసుతోనే అన్నాడు, అతని మీద నాకేం కోపం లేదు. కానీ ఆ మాట వినగానే నా చూపు వెనక వరసల మీదకి పోయింది. ఆర్యపల్లి నుంచీ, గోళబంధ నుంచీ, సోనపూర్ నుంచీ పొద్దున్నే చేపల గంప దించేసి బస్సెక్కి వచ్చిన తల్లులు అక్కడ గోడవారగా కూర్చున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు పేదగానే పోయారు. అంటే వాళ్ళందరూ తప్పు చేసి పోయారా? కన్నబిడ్డ బహుమతి తీసుకుంటుంటే చూద్దామని వచ్చి, చచ్చిపోయిన తండ్రిని తప్పుపట్టించుకుని వెళ్ళాలా?

అమ్మా, మీరు ముందుకి రండి. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. వీఐపీల కోసం ఉంచారట, వచ్చేవాళ్ళు వచ్చేశారు. రండమ్మా, మొహమాటపడకండి. బాబూ, ఆ అడ్డం కట్టిన తాడు తీసెయ్. పెద్దాయనా, మీరు కూడా. అందరూ కూర్చున్నాకే మాట్లాడతాను.

సరే. నేను తీరం ఊళ్ళో హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. బడికి దారి బోట్లు దిగే చోటి మీదుగానే. పిల్లలూ, మీ పుస్తకంలో లేని లెక్క ఒకటి చెప్తాను, మనసులో వేసుకుంటూ వినండి.

తెల్లవారుజామున రెండింటికి ఆరుగురు కలిసి బోటు నీళ్ళలోకి తోస్తారు. ఎండెక్కే వేళకి ఒడ్డుకొస్తారు. వల దులిపితే కవళ్ళు, కానాగంతలు, అదృష్టం బాగుంటే నాలుగు చందువలు. లెక్క తేలిగ్గా ఉండడానికి ఒక్క గంప పడిందనుకుందాం. ఒడ్డున సావుకారి మనిషి పుస్తకం పట్టుకుని నిలబడి ఉంటాడు. ఎందుకంటే ఆ బోటు ఇంజిను సావుకారి డబ్బుతో కొన్నది. ఆ అప్పుకి వడ్డీ లేదు. వినడానికి ఎంత బాగుందో చూడండి! షరతు ఒక్కటే: చేప ఇంకెవరికీ అమ్మకూడదు, ధర ఆయన చెప్పిందే. పక్క బోటు వాడికి అప్పు లేదు, అతని గంప వేలంపాటలో నాలుగు వేలు పలికింది. అదే సముద్రం, అదే చేప, మనవాడి గంప మూడు వేలు. అందులో మళ్ళీ నూటికి పది కమీషను. అంటే మూడొందలు. మిగిలింది రెండు వేల ఏడొందలు. ఆయిలుకీ ఐసుకీ తొమ్మిదొందలు. మిగిలింది పద్దెనిమిది వందలు. బోటుకో పాలు, ఇంజినుకో పాలు, వలకో పాలు. అవి రిపేర్లకీ పాత బాకీలకీ పోతాయి. ఆరుగురు మనుషులకి ఆరు పాళ్ళు. మొత్తం తొమ్మిది. మనిషికి ఎంత? చెప్పండి, గట్టిగా.

రెండొందలు. ఒంటి మీద ఉప్పు ఎండిపోయి, కళ్ళు ఎర్రబడి వచ్చినవాడి చేతిలో రెండొందలు. సావుకారి చేతికి ధరలో వెయ్యి, కమీషనులో మూడొందలు, పదమూడు వందలు. ఆయన నీళ్ళలో కాలు పెట్టలేదు. అప్పు అసలు మాత్రం పుస్తకంలో ఎక్కడిదక్కడే ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. మన బోటు వాళ్ళు రేపటి నుంచి రెట్టింపు కష్టపడ్డారనుకోండి. రెండు గంపలు తెచ్చారు. సావుకారికి వచ్చేది ఎంత? ఇరవయ్యారు వందలు! చూశారా పిల్లలూ? ఎంత కష్టపడితే అంత ఎక్కువ పోతోంది. ఈ లెక్క తెలియనివాళ్ళే "ఇంకొంచెం కష్టపడవయ్యా" అంటారు.

పోనీ ఇంకొంచెం కష్టపడదామన్నా కుదరాలి కదా. రుషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి కాబట్టి నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట మీద నిషేధం. తాబేలు బతకాలి, నేను కాదనను. ఒడ్డున గుడ్లు పగిలి తాబేలు పిల్లలు సముద్రంలోకి పరిగెత్తే రోజుల్లో మా బడి పిల్లల్ని వరస కట్టించి తీసుకెళ్ళి చూపించినవాణ్ణే. కానీ ఆ ఏడు నెలలు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? సావుకారి దగ్గరకే వెళ్ళాలి. పొడంపేట వాళ్ళనడగండి, వాళ్ళ ఊళ్ళో ఇళ్ళనే సముద్రం తీసుకుపోయింది. ఆ ఇల్లు కట్టడానికి పడ్డ కష్టం ఎవరి ఖాతాలో వేద్దాం?

పుస్తకాల మాట కూడా రెండు ముక్కల్లో చెప్తాను. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 2018లో ఒక నివేదిక ఇచ్చింది. అట్టడుగున ఉన్న కుటుంబం దేశ సగటు ఆదాయానికి చేరడానికి డెన్మార్కులో రెండు తరాలు పడుతుందట. మన దేశంలో ఏడు తరాలు. డెన్మార్కు వాళ్ళు మనకంటే మూడున్నర రెట్లు కష్టజీవులని ఎవరైనా అంటారా? ఇంకొకటి. 2022-23లో మన దేశ ఆదాయంలో నూటికి 22.6 వంతులు పైనున్న ఒక్క శాతం మందికే పోయిందనీ, ఆస్తిలో 40.1 వంతులు వాళ్ళ చేతిలోనే ఉందనీ వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ ఆర్థికవేత్తలు లెక్క తీశారు. తెల్లవారుజామున రెండింటికి లేచేవాడికంటే వాళ్ళు ఎన్ని గంటలు ముందు లేస్తున్నారు?

బంగ్లాదేశ్ సంగతి ఇంకా బాగా వినాలి. అక్కడ బ్రాక్ అనే సంస్థ 2007లో నిరుపేద ఆడవాళ్ళకి ఆవుల్ని ఇచ్చింది. పరిశోధకులు ఆ కుటుంబాల్ని ఏళ్ళ తరబడి గమనించారు. ఆవుతో పాటు తమదంటూ అంతో ఇంతో ఉన్నవాళ్ళు ఒక గట్టు దాటారు, దాటాక వాళ్ళంతట వాళ్ళే పైకి పోతూ వచ్చారు. అదీ లేనివాళ్ళు, ఆవు వచ్చాక కూడా, మెల్లగా మళ్ళీ ఉన్నచోటికే జారిపోయారు. తేడా మనిషి శక్తిలో లేదు, ఎక్కడ నుంచి మొదలుపెట్టాడన్నదాంట్లో ఉందని తేల్చారు. గట్టు దాటేదాకా చెయ్యి పట్టుకోవాలి. సగంలో వదిలేస్తే పెట్టింది కూడా నీళ్ళపాలే.

టైము అయిపోతోందని కార్యదర్శి గారు వాచీ చూపిస్తున్నారు. క్షమించాలి, ఈ ఒక్కటీ చెప్పకుండా దిగను.

నా దగ్గర అన్నదమ్ములిద్దరు చదివారు. పేర్లు చెప్పను. పెద్దవాడు చక్రవడ్డీ నోటితో కట్టేవాడు. నేను బోర్డు మీద రాసే లోపల జవాబు చెప్పేసేవాడు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. మనుషుల్ని ముందే ఖాళీ చేయించి వేల ప్రాణాలు కాపాడారు, ఆ పని చేసినవాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలి. పడవల్నీ వలల్నీ ఎవరు ఖాళీ చేయిస్తారు? వీళ్ళ నాన్న బోటు రెండు ముక్కలై ఇసకలో పడి ఉంది. పెద్దవాడు అప్పుడు పదో తరగతి. దసరా సెలవులయ్యాక బడికి రాలేదు. కేరళ బోట్ల మీదకి వెళ్ళిపోయాడు. అక్కడ నుంచి పంపిన డబ్బుతో చిన్నవాడు చదివాడు, డిప్లొమా చేశాడు, ఉద్యోగం వచ్చింది.

చిన్నవాడికి ఒక సభలో సన్మానం చేశారు. ఏ సభ అన్నది అనవసరం. శాలువా కప్పిన పెద్దమనిషి మైకు పట్టుకుని, "చూశారా, కష్టపడ్డాడు, పైకొచ్చాడు. వాళ్ళన్న కూడా ఇలాగే కష్టపడి ఉంటే బాగుండేది" అన్నాడు. అన్న నా పక్కనే ఉన్నాడు. ఆ అబ్బాయి చేతులు చూడండని అరవాలనిపించింది. తాడు కోసుకుపోయిన గీతలు అరచేతిలో అడ్డంగా, ఒక వేలు సరిగ్గా వంగదు. వాడు ఏమీ అనలేదు. "మాస్టారూ, తమ్ముడికి ఆ శాలువా రంగు బాగుంది కదా" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఇలాంటి సభల్లో "కష్టే ఫలి" అని ఎవరన్నా నాకు ఆ చెయ్యే కనిపిస్తుంది. ఆ ఇంట్లో ఎవరు ఎక్కువ కష్టపడ్డారు? ఫలం ఎవరికి వచ్చింది? చిన్నవాడు యోగ్యుడే, అన్నని నెత్తిన పెట్టుకుని చూసుకుంటాడు. కానీ లెక్కల్లో వాడికంటే పెద్దవాడే గట్టివాడు. ఒక బోటు పోయినందుకు దేశానికి ఒక ఇంజనీరు పోయాడు. ఒక్క బోటు!

సూరత్ మాట కూడా ఇదే. మన గంజాం జిల్లాలో సూరత్ మగ్గాల మీదకి పోని ఊరు ఉందా? ఒడియావాళ్ళూ మన తెలుగువాళ్ళూ అనే తేడా లేదు. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి, పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు పడుకోవడం. 2020 మే నెలలో శ్రామిక్ రైళ్ళు జగన్నాథ్‌పూర్ స్టేషనుకి వచ్చినప్పుడు దిగినవాళ్ళ మొహాలు మనం చూశాం. ఏళ్ళ కష్టం, రెండు నెలలు మగ్గం ఆగితే తినడానికి లేదు. అడ్వాన్సు చేతిలో పెట్టి పరాయి రాష్ట్రాలకి తీసుకుపోయే దాదన్ కూలీల కోసం మన రాష్ట్రం 1975లోనే చట్టం చేసింది, తర్వాత 1979లో దేశమంతటికీ వలస కార్మికుల చట్టం వచ్చింది. చట్టాలొచ్చాయి. అడిగేవాళ్ళు లేరు.

ఇక్కడే నాకు గిరి గారు కావాలి. 1894లో ఇదే బరంపురంలో పుట్టారు. నాన్నగారు పేరున్న వకీలు, కాబట్టి డబ్లిన్ వెళ్ళి లా చదవగలిగారు. తిరిగొచ్చి ఏం చేశారు? బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల దగ్గరకి వెళ్ళి "ఇంకా కష్టపడండి నాయనా, పైకొస్తారు" అన్నారా? సంఘం కట్టించారు. సమ్మెలో వెంట నిలబడ్డారు. ఏఐటీయూసీ అనే అఖిల భారత కార్మిక సంఘాల సమాఖ్యకి రెండుసార్లు అధ్యక్షుడయ్యారు. కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉండగా, బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వమే మార్చేస్తే, 1954లో మంత్రి పదవి వదిలేసి బయటికొచ్చారు. ఈ హాల్లో రిటైర్డు బ్యాంకు మిత్రులు చాలామంది ఉన్నారు. మీ పెన్షన్ వెనక ఆయనలాంటి వాళ్ళు ఎంతమందో ఉన్నారు.

నా సంగతీ అంతే. నా జీతం పెరిగినప్పుడల్లా నేను అంతకు ముందు నెలకంటే ఎక్కువ లెక్కలు చెప్పలేదు. పే కమిషన్ వచ్చింది, పెరిగింది. నాకు జబ్బు చేస్తే సెలవు ఉంది, జీతం ఉంది. మా ఇంట్లో పిల్లలు చదువుకున్నారంటే నా కష్టానికి ఆ దన్ను ఉంది కాబట్టి. బోటు మీద మనిషికి అది లేదు. ఆయన చేసే కష్టం నా కష్టానికి పదింతలు.

పిల్లలూ, మిమ్మల్ని చదవొద్దనడం లేదు. చదవండి, బాగా చదవండి. మార్కులు తక్కువొస్తే నేనే చెవి మెలిపెడతాను. కానీ రేపు ఉద్యోగం వచ్చాక మీ ఊళ్ళో మిగిలిపోయినవాణ్ణి చూసి "వీడు కష్టపడలేదు" అని మాత్రం అనకండి. వాడి పుస్తకం ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి.

పెద్దలకి ఒక విన్నపం. ఏటా శాలువాలకీ, మెమెంటోలకీ, ఈ పూలకీ మనం ఎంత ఖర్చు పెడుతున్నామో కోశాధికారి గారికి తెలుసు. వచ్చే ఏడాది అవి మానేద్దాం. ఆ డబ్బూ, మన పెన్షన్లలోంచి నెలకింతా వేసి, ఒక్క బోటు, ఏడాదికి ఒక్క బోటు అప్పు తీర్చేద్దాం. షరతులేమీ పెట్టకుండా. ఆ గంప పాటకి వెళ్ళనివ్వండి, ఎవరు ఎక్కువిస్తే వాళ్ళకే అమ్ముకోనివ్వండి. వాళ్ళు మెల్లగా తిరిగి కడతారు, కట్టింది ఇంకో బోటుకి పోతుంది. నిషేధం నెలల్లో సావుకారి గుమ్మం ఎక్కకుండా బియ్యానికీ, పిల్లల హాస్టలు ఫీజుకీ కొంత పక్కన ఉంచుదాం. నా మొదటి నెల డబ్బు తెచ్చాను, ఇదిగో, ఇప్పుడే ఇచ్చేస్తున్నాను. భోజనాలకి వెళ్ళే దారిలో కుడిచేతి పక్క టేబుల్ మీద నోటుపుస్తకం పెట్టించాను. పేరూ, నెలకెంతో, ఫోను నంబరూ రాయండి. రాయకుండా వెళ్ళేవాళ్ళని గుమ్మం దగ్గర నేనే ఆపి అడుగుతాను.

కార్యదర్శి గారూ, ఇక బహుమతులు మొదలుపెట్టండి. పిల్లవాడి పేరు పిలిచినప్పుడు వాళ్ళ అమ్మ పేరు కూడా మైకులో చదవండి. ఆమెని కూడా పైకి పిలవండి.