రాస్‌వెల్, 1954: డెబ్బై రెండు హోమ్ రన్ల వేసవి

అందరికీ నమస్కారం.

ఒక కంచె దగ్గర మొదలుపెడతాను. గ్రౌండుకీ జనానికీ మధ్య కట్టిన ఇనప తీగల వల అది. భారీ బేస్‌బాల్ ఆటగాడు ఒకడు బంతిని గోడ దాటించి, బేస్‌లన్నీ చుట్టి వచ్చి, ఆ వల వెంబడి మెల్లగా నడుస్తున్నాడు. వల కన్నాల్లోంచి వేళ్లు బయటికొస్తున్నాయి. వేళ్ల మధ్య మడత పెట్టిన డాలరు నోట్లు. ఒక్కొక్కటీ అందుకుంటూ పోతున్నాడు. మన ఊళ్లలో బుర్రకథ రక్తి కట్టిన రాత్రి చదివింపులు పడేవి చూడండి, అచ్చం అలాగే.

ఊరు రాస్‌వెల్. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం. ఎగిరే పళ్లేల కథ వల్ల ఆ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. నాకు మాత్రం రాస్‌వెల్ అంటే జో బౌమన్.

ఆరడుగుల అయిదంగుళాల ఎత్తు, ఎడమచేతి వాటం. ఫస్ట్ బేస్ దగ్గర ఆడేవాడు. 1954లో రాస్‌వెల్ రాకెట్స్ జట్టుకి 138 మ్యాచుల్లో 72 హోమ్ రన్లు కొట్టాడు. హోమ్ రన్‌ని మన సిక్సర్‌తో పోల్చుకోవచ్చు గానీ, అది సిక్సర్ కన్నా చాలా అరుదు. క్రికెట్‌లో కుదురుకున్న బ్యాటర్ గంటల తరబడి ఆడొచ్చు. బేస్‌బాల్‌లో మ్యాచ్ మొత్తానికి నాలుగైదుసార్లే వంతు వస్తుంది. ఆ కొద్ది వంతుల్లోనే బౌమన్ సగటు .400, అంటే పదింటికి నాలుగు హిట్లు. అతని బ్యాటు వల్ల జట్టుకి వచ్చిన పరుగులు 224. వృత్తి బేస్‌బాల్‌లో ఒక సీజనుకి 70 హోమ్ రన్లు దాటిన మొదటి మనిషి అతనే. 2001లో బారీ బాండ్స్ 73 కొట్టేదాకా, 47 ఏళ్లపాటు ఆ రికార్డు చెక్కుచెదరలేదు.

అలాంటి మనిషి మేజర్ లీగులో, అంటే అక్కడి అన్నిటికన్నా పెద్ద లీగులో, ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

దాని కింద నడిచే మైనర్ లీగులకి అప్పట్లో మెట్లుండేవి. పైన ట్రిపుల్ ఎ, తర్వాత డబుల్ ఎ, ఎ, బి, సి, డి. రాకెట్స్ ఆడిన లాంగ్‌హార్న్ లీగ్ 'సి' క్లాసు. అందులో ఎనిమిది ఊళ్లు. టెక్సస్ వైపు మిడ్‌లాండ్, ఒడెస్సా, బిగ్ స్ప్రింగ్, శాన్ ఏంజెలో, స్వీట్‌వాటర్. న్యూ మెక్సికో వైపు కార్ల్స్‌బాడ్, ఆర్టీసియా, రాస్‌వెల్. చమురు బావులు, పశువుల మందలు, ఎండ, దుమ్ము. సాయంత్రమైతే దీపాల వెలుగులో బేస్‌బాల్. 1949లో దేశమంతా ఇలాంటి లీగులు 59 నడిచాయి. ఆ ఏడు దాదాపు 4 కోట్ల టికెట్లు తెగాయి. తర్వాత ఇళ్లలోకి టీవీ వచ్చింది. పెద్ద లీగు ఆట ఇంట్లో కూర్చునే చూడొచ్చు. బౌమన్ ఈ రికార్డు పెట్టేనాటికి చిన్న లీగులు ఒకటొకటిగా మూతపడుతున్నాయి. లాంగ్‌హార్న్ పేరు కూడా 1955 తర్వాత లేదు.

"పాపం, పైకి రాలేకపోయాడు" అని అతని గురించి అంటుంటారు. ఆ పాపం అనే మాట నాకు నచ్చదు. 1948లో అతను మేజర్ లీగు జట్టు బోస్టన్ బ్రేవ్స్ వాళ్ల కింద, హార్ట్‌ఫర్డ్‌లోని మైనర్ లీగు జట్టుకి ఆడాడు. మరుసటి ఏటికి వాళ్లు ఇస్తామన్న జీతం గిట్టుబాటు కాలేదు. వద్దని చెప్పి ఓక్లహోమాలోని ఎల్క్ సిటీకి వచ్చేసి, అక్కడ సెమీ ప్రో (సగం వృత్తిగా ఆడే) ఆట ఆడుతూ పెట్రోల్ బంకు పెట్టుకున్నాడు. ఆట మీద ప్రేమ తగ్గి కాదు. ఆటతో పాటు బతుకూ నడవాలిగా. తర్వాత రెండేళ్లు ఆర్టీసియా జట్టుకి ఆడి 50, 53 హోమ్ రన్లు కొట్టాడు. రాస్‌వెల్ వచ్చేసరికి 32 ఏళ్లు. ఆ వయసు వాడికోసం పెద్ద క్లబ్బులు ఎదురుచూడవు.

ఇంకొందరు, అది ఎత్తు మీదున్న ఊరు, గాలి పల్చన, బంతి ఎలాగూ ఎగురుతుంది అంటారు. నిజమే, రాస్‌వెల్ సముద్ర మట్టానికి 3,500 అడుగుల పైనే ఉంది. కానీ ఆ గాలిలో ఏళ్ల తరబడి వందల మంది ఆడారు. 72 కొట్టింది ఒక్కడే.

ఆగస్టు ఆఖర్న ఒక రాత్రి స్వీట్‌వాటర్ మీద నాలుగు కొట్టి 68కి చేరాడు. తర్వాత ఇంకొకటి, 69. అప్పటిదాకా ఉన్న రికార్డు అదే. మినియాపొలిస్‌లో జో హౌసర్ 1933లో, అమరిల్లోలో బాబ్ క్రూస్ 1948లో ఆగిపోయింది సరిగ్గా అక్కడే. సీజన్ ఆఖరి రోజు సెప్టెంబర్ 5, ఆదివారం. ఆర్టీసియాలో ఒకే రోజు రెండు మ్యాచులు. స్టాండ్స్‌లో ఉన్నవాళ్లు అంతకుముందు రెండేళ్లు తమవాడని అతనికి చప్పట్లు కొట్టినవాళ్లే. ఎంత టెన్షన్ పడి ఉంటాడో ఊహించండి. ఒక్క వంతు ఎక్కువ దొరికినా మేలేనని మేనేజర్ అతన్ని వరసలో మొట్టమొదట దింపాడు. మొదటి మ్యాచ్, మొదటి వంతు. హోసే గయార్డో వేసిన బంతి గోడ దాటింది. 70! రెండో మ్యాచులో మరో రెండు.

ఆ తర్వాత రెండేళ్లకి ఆట మానేసి, రాస్‌వెల్‌లోనే స్థిరపడ్డాడు. 2005లో అక్కడి గ్రౌండుకి అతని పేరు పెట్టారు. ఆ సభలోనే పడి ఎముక విరగ్గొట్టుకుని, మరుసటి నెలలో, 83వ ఏట కన్నుమూశాడు.

మైనర్ లీగుల్లో ఏటా అందరికన్నా ఎక్కువ హోమ్ రన్లు కొట్టిన కుర్రాడికి బౌమన్ పేరుతో ఒక బహుమతి పెట్టారు. హోమ్ రన్‌కి 200 డాలర్ల చొప్పున లెక్కకట్టి చెక్కు ఇస్తారు.